ఎనిమిది పోర్టుల మేనేజ్డ్ స్విచ్, నాలుగు నెలలు వాడాక

స్విచ్ అంటే ఆఫీసులోని నెట్‌వర్క్ కేబుళ్ళన్నీ కలిపే పెట్టె, మేనేజ్డ్ అంటే దాని సెట్టింగులు మనం మార్చుకోవచ్చు. హార్డ్‌వేర్ మీద నాకు ఒక్క ఫిర్యాదు కూడా లేదు, ముందే చెప్పేస్తున్నాను. ఇనుప బాడీ, ఫ్యాన్ లేదు కాబట్టి చప్పుడు లేదు, ఎనిమిది పోర్టులూ 1 గిగాబిట్, నాలుగు నెలల్లో ఒక్కసారి కూడా దానంతట అది రీస్టార్ట్ అవ్వలేదు. నా గొడవంతా లోపలున్న వీల్యాన్ పేజీతో, అంటే ఒకే స్విచ్‌ని విడివిడి నెట్‌వర్కులుగా చీల్చే సెట్టింగుతో. నిజానికి పేజీతో కాదు, పేజీలతో. ఒక్క చోట చేయాల్సిన పనిని రెండు పేజీలకు చీల్చి, ఆ రెండింటికీ పొంతన కుదరకపోయినా నోరు మెదపకుండా ‘సెట్టింగ్ విజయవంతం’ అని ఆకుపచ్చ అక్షరాల్లో చూపించే స్విచ్ ఇది. ఆ ఆకుపచ్చ అక్షరాలను నమ్మి నేను ఒక శనివారం పూర్తిగా, ఆదివారం సగం పోగొట్టుకున్నాను.

కంపెనీ పేరు కావాలనే రాయట్లేదు. ఇలాంటి రెండు పేజీల పద్ధతి వేరే కంపెనీల చిన్న స్విచ్‌లలోనూ చూశాను, కాబట్టి మీ దగ్గరున్నది ఏదైనా ఈ కథ మీకు పనికొస్తుంది.

మా అవసరం పెద్దదేం కాదు. చిన్న ఆఫీసు. కంప్యూటర్లు, ప్రింటర్, స్టాఫ్ వైఫై ఒక నెట్‌వర్క్‌లో ఉండాలి. బయటినుంచి వచ్చేవాళ్ళ వైఫై విడిగా ఉండాలి, వాళ్ళకి ఇంటర్నెట్ తప్ప ఇంకేమీ కనబడకూడదు. నాలుగు కెమెరాలు, వాటి రికార్డర్ మూడో దాంట్లో ఉండాలి, వాటికి ఇంటర్నెట్ కూడా ఉండకూడదు. ఇన్నాళ్ళూ అన్నీ ఒకే కుప్పగా ఉండేవి. ఒకరోజు బయటినుంచి వచ్చిన ఒకాయన ఫోన్‌లో మా ప్రింటర్ పేరు కనబడింది, ఆయనే నవ్వుతూ చూపించాడు. మా సర్‌కి టెన్షన్ పట్టుకుంది, ఆ టెన్షన్ నాకు బదిలీ అయింది, ఈ స్విచ్ కొన్నాం.

నేను నంబర్లు ఇలా అనుకున్నాను: స్టాఫ్‌కి వీల్యాన్ 10, గెస్ట్‌లకి 20, కెమెరాలకి 30. మొదటి పోర్టులో రౌటర్, రెండో దాంట్లో వైఫై యాక్సెస్ పాయింట్, 3, 4, 5లో కంప్యూటర్లు, 6లో ప్రింటర్. ఏడో పోర్టుకి మామూలు పీఓఈ స్విచ్ (నెట్‌వర్క్ కేబుల్ మీదే కరెంటు కూడా ఇచ్చేది) ఒకటి తగిలించి కెమెరాలూ రికార్డరూ దానికి. ఎనిమిదోది నా ల్యాప్‌టాప్ కోసం ఖాళీగా ఉంచాను. ఆ ఎనిమిదో పోర్టు ఖాళీగా ఉంచడం ఒక్కటే ఆ రోజు నేను చేసిన తెలివైన పని.

వీల్యాన్ అంటే కొత్తగా ఉన్నవాళ్ళకి రెండు ముక్కలు. 802.1క్యూ అని ఒక ప్రమాణం ఉంది, 1998లో వచ్చింది. దాని ప్రకారం స్విచ్ మీదుగా వెళ్ళే ప్రతి ఈథర్‌నెట్ ఫ్రేమ్‌లో, అంటే డేటా మూటలో, 4 బైట్ల చిన్న చీటీ ఒకటి దూర్చొచ్చు. ఆ చీటీలో 12 బిట్లు వీల్యాన్ నంబర్‌కి కేటాయించారు, అంటే 4096 నంబర్లు, అందులో మొదటిదీ చివరిదీ వాడకూడదు కాబట్టి 1 నుంచి 4094 దాకా మనవి. (ఈ స్విచ్ ఏ నంబరైనా తీసుకుంటుంది గానీ ఒకేసారి 32 వీల్యాన్లే పెట్టనిస్తుంది. మాకు మూడు చాలు.) చీటీ ఉన్న ఫ్రేమ్‌ని ట్యాగ్డ్ అంటారు, లేనిదాన్ని అన్‌ట్యాగ్డ్. కంప్యూటర్లకీ, ప్రింటర్లకీ మామూలుగా ఈ చీటీ గోల తెలీదు, అవి ఉత్త ఫ్రేమే పంపుతాయి, ఉత్త ఫ్రేమే తీసుకుంటాయి. రౌటర్‌కీ యాక్సెస్ పాయింట్‌కీ మాత్రం చీటీ కావాలి, ఎందుకంటే ఒకే కేబుల్ మీద రెండు మూడు నెట్‌వర్కులు కలిసి ప్రయాణిస్తాయి, ఏది ఎవరిదో తెలియాలి కదా.

ఇక్కడిదాకా తేలికే. ఇప్పుడు ఈ స్విచ్ దగ్గరికి వద్దాం.

పెట్టె తెరిస్తే స్విచ్, అడాప్టర్, మడత పెట్టిన కాగితం ఒకటి. కాగితంలో గోడకి ఎలా బిగించాలో నాలుగు బొమ్మలున్నాయి, వీల్యాన్ గురించి ఒక్క వాక్యం లేదు. ఫ్యాక్టరీ ఐపీ (నెట్‌వర్క్‌లో దాని అడ్రసు) 192.168.0.1, మా రౌటర్ ఏమో 192.168.1.1, కాబట్టి ల్యాప్‌టాప్‌కి చేత్తో 192.168.0.2 ఇచ్చి లోపలికి వెళ్ళాల్సి వచ్చింది. లాగిన్ పేజీకి హెచ్‌టీటీపీఎస్ లేదు, ఉత్త హెచ్‌టీటీపీ. పాస్‌వర్డ్ వైరు మీద బట్టలు లేకుండా వెళ్తుందన్నమాట. ఈ తరగతి స్విచ్‌కి ఇది క్షమించరాని తప్పు కాదు గానీ, గెస్ట్ నెట్‌వర్క్‌ని విడగొట్టాల్సిన అవసరం ఇంకా పెరిగింది.

మెనూలో మొదట కనబడింది ‘ట్రంక్’. నాకు ప్రాణం లేచొచ్చింది. నేను ఈ విద్య నేర్చుకున్నది సిస్కో పాఠాల్లో, అక్కడ ట్రంక్ అంటే ఎక్కువ వీల్యాన్లు కలిసి వెళ్ళే లింకు. రౌటర్ పోర్టు, యాక్సెస్ పాయింట్ పోర్టు రెండూ ట్రంక్ కావాలి, సరే అని 1, 2 టిక్ పెట్టి అప్లై కొట్టాను. ఆకుపచ్చ అక్షరాలు వచ్చాయి. ఆ వెంటనే వైఫై మొత్తం చచ్చింది. సంగతేంటంటే, ఈ స్విచ్ భాషలో ట్రంక్ అంటే రెండు మూడు కేబుళ్ళను కట్టగట్టి ఒకే లావుపాటి లింకుగా వాడటం, అంటే లింక్ అగ్రిగేషన్. ఇంకొన్ని పెద్ద కంపెనీల పాత స్విచ్‌లలో కూడా ట్రంక్‌కి ఇదే అర్థం. నేను చేసింది రౌటర్‌నీ, యాక్సెస్ పాయింట్‌నీ పట్టుకుని ‘ఇవి రెండూ ఒకే యంత్రానికి వెళ్ళే రెండు తాళ్ళు’ అని స్విచ్‌కి చెప్పడం. ఒకే కట్టలోని ఒక తాడు మీద వచ్చినదాన్ని స్విచ్ అదే కట్టలోని ఇంకో తాడు మీదకి పంపదు, కాబట్టి వైఫైకీ రౌటర్‌కీ మధ్య దారి తెగిపోయింది. నా పొరపాటే, ఒప్పుకుంటాను. కానీ మెనూలో ఆ మాట పక్కన ‘కేబుళ్ళను కలపడం’ అని రెండు పదాలు రాస్తే వాళ్ళ సొమ్మేం పోయింది?

వీల్యాన్ మెనూలోకి వెళ్తే అక్కడ మళ్ళీ మూడు దారులు. పోర్ట్ ఆధారిత వీల్యాన్ అని ఒకటి, 802.1క్యూ వీల్యాన్ అని ఒకటి, దాని కింద 802.1క్యూ పీవీఐడీ అని ఇంకోటి. మొదటిది చీటీలు లేని పాత పద్ధతి, ఈ ఒక్క స్విచ్ లోపల ఎవరు ఎవరితో మాట్లాడొచ్చో చెప్పేది అంతే, స్విచ్ దాటితే దానికి విలువ లేదు. యాక్సెస్ పాయింట్, రౌటర్‌తో కలిపి వాడాలంటే దాని జోలికి వెళ్ళొద్దు. మిగిలిన రెండే అసలైనవి, నా శనివారాన్ని మింగినవీ అవే.

రెండో పేజీలో వీల్యాన్ 10 తయారు చేసి, 3 నుంచి 6 దాకా అన్‌ట్యాగ్డ్, 1, 2 ట్యాగ్డ్ అని పెట్టాను. వీల్యాన్ 20కి 1, 2 ట్యాగ్డ్. వీల్యాన్ 30కి 1 ట్యాగ్డ్, 7 అన్‌ట్యాగ్డ్. మూడుసార్లు ఆకుపచ్చ అక్షరాలు. రౌటర్‌లోనూ మూడు నెట్‌వర్కులు తయారు చేశాను, 192.168.10, 192.168.20, 192.168.30. మూడో పోర్టులో ఉన్న కంప్యూటర్ దగ్గరికి వెళ్ళి చూస్తే ఇంటర్నెట్ శుభ్రంగా వస్తోంది. ఆహా అనుకున్నాను. ఐపీ చూశాక ఆహా ఆగిపోయింది, 192.168.1.23. పాత నెట్‌వర్క్‌లోనే ఉంది. కేబుల్ పీకి పెట్టాను, రీస్టార్ట్ చేశాను, మళ్ళీ 192.168.1.23. పక్క కంప్యూటర్‌దీ అదే కథ. అంటే నేను మూడు వీల్యాన్లు కట్టాను గానీ అందులోకి ఎవరూ కాపురానికి వెళ్ళలేదు.

దీన్ని గమనించకపోతే ఏమయ్యేదో ఆలోచించండి. నెట్ వస్తోంది, స్విచ్ పేజీలో పోర్టు 3 వీల్యాన్ 10లో ఉన్నట్టు కనబడుతోంది, చాలామంది ఇక్కడే ‘అయిపోయింది’ అని ల్యాప్‌టాప్ మూసేస్తారు. నిజంగా ఏమీ విడిపోలేదు.

విషయం ఇది. నేను నింపిన పట్టిక, అంటే వీల్యాన్ సభ్యుల పేజీ, ముఖ్యంగా బయటికి వెళ్ళే ఫ్రేములకి. ఈ వీల్యాన్‌కి చెందిన ఫ్రేమ్ ఏ పోర్టుల్లోంచి బయటికి పోవచ్చు, పోయేటప్పుడు చీటీ ఉంచాలా తీసేయాలా, అంతవరకే అది చెబుతుంది. మరి చీటీ లేకుండా లోపలికి వచ్చిన ఫ్రేమ్ ఏ వీల్యాన్‌ది? అది చెప్పేది పీవీఐడీ. ప్రతి పోర్టుకీ ఒక పీవీఐడీ నంబర్ ఉంటుంది, ఫ్యాక్టరీ నుంచి అన్నిటికీ 1. అంటే గేటు దగ్గర ఇద్దరు కాపలావాళ్ళున్నారు, ఒకడు వచ్చేవాళ్ళకి బిళ్ళ ఇస్తాడు, ఇంకొకడు వెళ్ళేవాళ్ళ బిళ్ళ చూసి వదులుతాడు. నేను వెళ్ళేవాడికి మాత్రమే కొత్త నియమాలు చెప్పాను. వచ్చేవాడు ఎప్పటిలాగే అందరికీ 1వ నంబర్ బిళ్ళే పంచుతున్నాడు. పైగా నేను 3వ పోర్టును వీల్యాన్ 1లోంచి తీయలేదు కాబట్టి జవాబులు కూడా 1 లోంచే హాయిగా తిరిగొస్తున్నాయి.

నాలుగేళ్ళ క్రితం నేను వాడిన వేరే స్విచ్‌లో ఈ బాధ లేదు. పోర్టును యాక్సెస్ (ఒకే వీల్యాన్‌కి చెందిన పోర్టు) అని, నంబర్ 10 అని చెబితే పీవీఐడీ, సభ్యత్వం, పాత దాంట్లోంచి తీసేయడం మూడూ అదే చూసుకునేది. ఇక్కడ మూడూ మనమే, మూడు వేర్వేరు చోట్ల.

ఇది తెలిశాక తొందరపడి ఇంకో తప్పు చేశాను. ముందు 3వ పోర్టును వీల్యాన్ 1లోంచి తీసేశాను, పీవీఐడీ తర్వాత మారుద్దాంలే అని. వెంటనే ఆ కంప్యూటర్ మీద పనిచేస్తున్న అమ్మాయి “సర్, నెట్ పోయింది” అంది. వెళ్ళి చూస్తే ఐపీ 169.254తో మొదలవుతోంది. ఆ నంబర్ చూశారంటే అర్థం ఒక్కటే, నాకు ఐపీ ఇచ్చేవాళ్ళు ఎవరూ దొరకలేదు, నేనే ఏదో ఒకటి పెట్టుకున్నాను అని కంప్యూటర్ చెబుతోంది. అడిగిన మాట 1లోకి వెళ్తోంది, జవాబు తిరిగి రావడానికి దారి లేదు. పీవీఐడీ పేజీకి పరిగెత్తి 3 ఎదురుగా 10 అని కొట్టగానే 192.168.10.101 వచ్చింది. “ఇప్పుడు వచ్చింది సర్” అంది, నేనేదో మంత్రం వేసినట్టు.

ఇక దీనికి తిరగేసిన తప్పు కూడా ఉంది, అది ఇంకా దొంగది. 4వ పోర్టుకి పీవీఐడీ 10 చేశాను, వీల్యాన్ 10లో ఉంచాను, కానీ వీల్యాన్ 1లోంచి తీయడం మర్చిపోయాను. ఐపీ సరిగ్గా 192.168.10లోదే వచ్చింది, పింగ్ (అవతలి యంత్రం పలుకుతుందో లేదో చూసే పరీక్ష) వెళ్తోంది, అన్నీ బాగున్నాయి. రెండు రోజుల తర్వాత ఆ కంప్యూటర్‌లో కొన్ని సైట్లు తెరుచుకోవడానికి విపరీతంగా ఆలస్యమవుతున్నాయని ఫిర్యాదు. అన్నీ కాదు, కొన్నే. చాలాసేపు జుట్టు పీక్కున్నాక చూస్తే ఆ యంత్రానికి ఐపీవీ6 (కొత్త తరం ఐపీ) అడ్రసులు రెండు నెట్‌వర్కులవి ఉన్నాయి. ఎలా అంటే, రౌటర్ ఐపీవీ6 ప్రకటనలను అందరికీ వినబడేలా కేకేస్తుంది. వీల్యాన్ 1లో వేసిన కేక, 4వ పోర్టు ఇంకా అందులో అన్‌ట్యాగ్డ్ సభ్యురాలే కాబట్టి, బయటికొచ్చి ఈ కంప్యూటర్ చెవిన కూడా పడింది. పాపం అది రెండు ఇళ్ళ చిరునామాలూ రాసుకుని ఎటు వెళ్ళాలో తెలీక తిరుగుతోంది. గోడ కట్టాననుకున్నాను, గోడకి కిటికీ ఉంది.

ఒకే పోర్టు రెండు వీల్యాన్లలో అన్‌ట్యాగ్డ్‌గా ఉండటం కొన్ని అరుదైన అమరికల్లో కావాలనే చేస్తారు, కాబట్టి స్విచ్ దాన్ని నిషేధించాలని నేననను. కానీ ఒక పసుపు రంగు హెచ్చరిక? ‘4వ పోర్టు పీవీఐడీ 10, కానీ వీల్యాన్ 1లో కూడా అన్‌ట్యాగ్డ్‌గా ఉంది, కావాలనే చేశారా?’ అని ఒక్క లైను? పోనీ అన్ని పోర్టులూ, వాటి వీల్యాన్లూ, పీవీఐడీలూ ఒకే పట్టికలో చూపించే పేజీ? అదీ లేదు. ఒక్కో వీల్యాన్ నొక్కితేనే దాని సభ్యులు కనబడతారు. చివరికి నేనే ఒక తెల్లకాగితం మీద గళ్ళు గీసి, పోర్టులు నిలువుగా, వీల్యాన్లు అడ్డంగా రాసి, ట్యాగ్డ్ అయితే ట అని, అన్‌ట్యాగ్డ్ అయితే అ అని, చివరి గడిలో పీవీఐడీ రాసుకున్నాను. ప్రతి వరుసలోనూ ఒకే ఒక్క ‘అ’ ఉండాలి, అది పీవీఐడీతో కలవాలి, మామూలు వాడకానికి ఇదొక్కటే పరీక్ష. కాగితం మీద రెండు నిమిషాల్లో తప్పు దొరికింది. స్విచ్ లోపల వెతికితే ఒక పూట పట్టింది. ఆ కాగితం ఇప్పటికీ స్విచ్ పక్కన గోడకి అంటించి ఉంది, ఎవరైనా ఇలాంటిది కొంటే ముందు ఆ కాగితం గీసి తర్వాత స్విచ్‌కి కరెంటు పెట్టండి.

మేనేజ్‌మెంట్ వీల్యాన్ అని ఒక గడి ఉంది, అంటే స్విచ్ సెట్టింగ్ పేజీ ఏ వీల్యాన్ నుంచి తెరుచుకోవాలో చెప్పేది. ఇది ఉండటం మంచి విషయం, ఈ తరగతిలో కొన్నిటికి ఇది లేక ఏ మూల నుంచైనా లాగిన్ పేజీ తెరుచుకుంటుంది. నేను 8వ పోర్టులో, అంటే వీల్యాన్ 1లో కూర్చుని, ఆ గడిలో 10 అని కొట్టాను. కూర్చున్న కొమ్మ నరుక్కోవడం అంటే ఏంటో అప్పుడు తెలిసింది. పేజీ తిరుగుతూనే ఉంది, ఇక రాలేదు. వెనక చిన్న రంధ్రంలో పిన్ను గుచ్చి ఫ్యాక్టరీ రీసెట్ చేయాలా, అంతా మళ్ళీ మొదటినుంచా అని చెమటలు పట్టాయి. అప్పుడు గుర్తొచ్చింది, అప్లై వేరు, సేవ్ వేరు. అప్లై కొడితే మార్పు వెంటనే అమల్లోకి వస్తుంది గానీ జ్ఞాపకంలోకి ఎక్కదు, కుడి పక్కన పైన చిన్నగా ఉన్న సేవ్ బటన్ నొక్కితేనే కరెంటు పోయినా నిలుస్తుంది. నేను సేవ్ నొక్కలేదు. అడాప్టర్ పీకి మళ్ళీ పెట్టాను, అంతకుముందు సేవ్ చేసిన అమరికతో లేచింది. అంత సంతోషం మళ్ళీ ఎప్పుడు కలిగిందో గుర్తులేదు.

అదే సేవ్ బటన్ మూడు వారాల తర్వాత పగ తీర్చుకుంది. ఏడో పోర్టుని వీల్యాన్ 30కి మార్చడం అన్నిటికంటే చివర చేశాను, అప్లై కొట్టాను, పని చేసింది, ఇంటికెళ్ళిపోయాను. ఒక రాత్రి కరెంటు పోయి వచ్చింది. పొద్దున కంప్యూటర్ల నుంచి కెమెరాలు కనబడట్లేదు. ఏడో పోర్టు మళ్ళీ 1లోకి జారిపోయింది. అదృష్టం బాగుండి రికార్డరూ కెమెరాలూ అదే పీఓఈ స్విచ్ మీద ఉన్నాయి కాబట్టి వాటి మధ్య సంభాషణ ఆగలేదు, రికార్డింగ్ పోలేదు. సేవ్ చేయని మార్పులు ఉన్నప్పుడు ఆ బటన్ ఎర్రగా మెరిస్తే బాగుండేది. లేదు, ఎప్పుడూ అదే బూడిద రంగు.

స్విచ్ తప్పు కానివి కూడా కొన్ని చెప్పాలి, ఎందుకంటే తక్కువ స్టార్లు ఇచ్చినవాళ్ళలో కొందరు వీటికే ఇచ్చారు.

అంతా సరిచేశాక గెస్ట్ వైఫైలో నా ఫోన్ పెట్టి కెమెరా రికార్డర్‌కి పింగ్ కొట్టాను. జవాబు వచ్చింది! గుండె జారింది. కానీ ఇది స్విచ్ పని కాదు. స్విచ్ మూడు నెట్‌వర్కులను విడగొట్టింది, ఆ మూడూ రౌటర్ దగ్గర కలుస్తాయి, రౌటర్ పనే ఒక నెట్‌వర్క్ నుంచి ఇంకోదానికి దారి చూపించడం. వద్దని మనం చెప్పకపోతే మా రౌటర్ చూపిస్తూనే ఉంటుంది. రౌటర్‌లోని ఫైర్‌వాల్‌లో, అంటే ఎవరిని ఎటు వదలాలో చెప్పే చోట, నియమాలు రాశాను: 20 నుంచి 10కీ, 30కీ, స్విచ్ ఉన్న 1కీ వద్దు, 10 నుంచి 30కి సరే, 30 నుంచి ఎటూ వద్దు, 10 నుంచి అడిగినదానికి జవాబు తప్ప. అప్పుడు పింగ్ ఆగింది. వీల్యాన్ పెట్టగానే భద్రత వచ్చేసిందనుకునేవాళ్ళు ఈ ఒక్క పింగ్ కొట్టి చూసుకోండి.

కెమెరాలకి ఇంటర్నెట్ ఆపేశాక కొన్ని వారాలకి రికార్డింగుల మీద టైము నాలుగు నిమిషాలు తేడా వచ్చింది. అవి ఇంటర్నెట్‌లోని టైమ్ సర్వర్‌ని అడిగేవి, ఇప్పుడు దారి లేదు. రౌటర్‌నే ఎన్‌టీపీ సర్వర్‌గా, అంటే టైము చెప్పేదిగా పెట్టి, 30 నుంచి రౌటర్‌కి టైము అడిగే దారి, అంటే యూడీపీ 123, ఒక్కటి వదిలాను. ఇది ఎక్కడా ఎవరూ చెప్పలేదు, అందుకే రాస్తున్నాను.

ఇక గెస్ట్ వైఫైలో ప్రింటర్ కనబడట్లేదని మా సర్ స్నేహితుడొకాయన అడిగాడట. అదే కదా మనం కోరుకున్నది! ఫోన్లు ప్రింటర్‌ని వెతకడానికి వాడే ఎండీఎన్‌ఎస్ అనే పద్ధతి 224.0.0.251 అనే అడ్రసుకి కేకేస్తుంది, ఆ కేక తన వీల్యాన్ దాటి వెళ్ళదు. కావాలంటే రౌటర్‌లో దాన్ని అటూ ఇటూ మోసే సదుపాయం ఆన్ చేయొచ్చు, నేను చేయలేదు, చేయను కూడా.

వేగం గురించి అడిగేవాళ్ళకి. ఒక వీల్యాన్ నుంచి ఇంకో వీల్యాన్‌కి వెళ్ళేదంతా మొదటి పోర్టు కేబుల్ మీద రౌటర్ దాకా పైకెళ్ళి, అదే కేబుల్ మీద కిందికి రావాలి, ఇది రెండో లేయర్ స్విచ్ కాబట్టి తనంతట తాను దారి మళ్ళించదు. మా కెమెరాలు ఒక్కోటి 4 ఎంబీపీఎస్, నాలుగూ కలిపి 16, అవి కూడా మామూలుగా రికార్డర్ దాకానే, ఎవరైనా కంప్యూటర్‌లో చూస్తేనే పైకి వస్తాయి. 1 గిగాబిట్ కేబుల్‌కి ఇది లెక్కలోకే రాదు. కానీ మీరు పెద్ద ఫైళ్ళున్న స్టోరేజ్ యంత్రాన్ని ఒక వీల్యాన్‌లోనూ, వాడేవాళ్ళను ఇంకో వీల్యాన్‌లోనూ పెట్టాలనుకుంటే ఈ తరగతి స్విచ్ కొనకండి, లేదా ఆ రెండింటినీ ఒకే వీల్యాన్‌లో పెట్టండి.

బాగున్నవి కూడా గబగబా చెప్పేస్తాను. పోర్ట్ మిర్రరింగ్ చక్కగా పనిచేస్తుంది, ఆ ఐపీవీ6 దొంగని పట్టింది దానితోనే, 4వ పోర్టు ట్రాఫిక్ అంతా 8వ పోర్టుకి కాపీ చేయించి వైర్‌షార్క్ (ఫ్రేములు విప్పి చూపించే ప్రోగ్రాం)లో చూశాను. కేబుల్ టెస్ట్ ఉంది, తెగిన జత ఏ దూరంలో ఉందో సుమారుగా చెబుతుంది. ఒకసారి ఎవరో ఖాళీ కేబుల్ రెండు చివర్లూ పీఓఈ స్విచ్‌కే గుచ్చితే లూప్ గుర్తించి ఏడో పోర్టుని ఆపేసింది, మిగతా ఆఫీసుకి ఏమీ కాలేదు. అమరికంతా ఒక ఫైల్‌గా దింపుకోవచ్చు, తిరిగి ఎక్కించుకోవచ్చు. ఎండాకాలం మూసిన అల్మరాలో పెట్టినా గోరువెచ్చగా ఉంటుందంతే.

కస్టమర్ కేర్‌కి ఒక మెయిల్ పెట్టాను, పీవీఐడీ, సభ్యత్వం ఒకే పేజీలోకి తెస్తారా అని. ఫ్యాక్టరీ రీసెట్ చేసి చూడమని జవాబు వచ్చింది.

5కి 3 ఇస్తున్నాను. యంత్రానికి 5, ఆ రెండు పేజీలకి 1, సగటు 3. వీల్యాన్ ఇంతకుముందు పెట్టినవాళ్ళు నిశ్చింతగా కొనుక్కోవచ్చు, ఒకసారి పెట్టాక ఇది తలనొప్పి పెట్టదు. మొదటిసారి నేర్చుకునేవాళ్ళు యాక్సెస్, ట్రంక్ అని పోర్టుకి ఒక్క మాటలో చెప్పే మోడల్ ఏదైనా చూసుకోండి, లేకపోతే నాలాగా 8వ పోర్టు ఖాళీగా పెట్టుకుని, సెలవు రోజు మొదలుపెట్టండి.

పోయిన నెల కొత్త ఫర్మ్‌వేర్ వచ్చింది. ఆశగా మార్పుల జాబితా తెరిచాను. డార్క్ మోడ్ ఇచ్చారు. పీవీఐడీ పేజీ ఎక్కడుందో అక్కడే ఉంది, ఆకుపచ్చ అక్షరాలు మాత్రం నల్ల తెర మీద ఇంకా బాగా కనబడుతున్నాయి.